ప్రాచెట్ వేరేవాళ్ళతో కలిసి రాసినవి చదవాలా, వదిలేయాలా?

సగంచదివిన
టెర్రీ ప్రాచెట్ హాస్య ఫాంటసీ సిరీస్ డిస్క్‌వరల్డ్‌లో సిటీ వాచ్ (నగర పోలీసుల) పుస్తకాలు అయిపోయాయి, డెత్ (మృత్యువే పాత్రగా వచ్చే) పుస్తకాలు అయిపోయాయి, మంత్రగత్తెలవి సగంలో ఉన్నా. మధ్యలో మార్పు కోసం ఆయన నీల్ గైమన్‌తో కలిసి రాసిన గుడ్ ఒమెన్స్ పట్టుకుంటే నిద్ర మానేసి మరీ పూర్తి చేశా. సరే కలిసి రాసినా టెర్రీ ప్రాచెట్ ప్రాచెటే అనుకుని అదే ఊపులో స్టీఫెన్ బాక్స్‌టర్‌తో కలిసి రాసిన ది లాంగ్ ఎర్త్ మొదలుపెట్టా. సగానికి వచ్చా, గట్టిగా నవ్వింది లేదు. ఆ చురుకు లేదు, ఆ డైలాగు లేదు. ఎవరో అడవిలో నడుస్తుంటారు, ఇంకో అడవిలోకి వెళ్తారు, మళ్ళీ ఇంకో అడవి. అట్ట మీద మాత్రం ప్రాచెట్ పేరే ముందు. ఇంకా నాలుగు భాగాలున్నాయంట, నేనేమో ముందే అన్నీ కొనేసి కూర్చున్నా.

అసలు ఈ కలిసి రాయడాల్లో ఎవరు ఏం రాశారు? ఇందులో ఈయన నిజంగా రాసింది ఎంత, పేరు ఇచ్చింది ఎంత? తెలిసినవాళ్ళు చెప్పండి, మిగతా నాలుగూ చదవాలా అటకెక్కించాలా తేల్చుకోవాలి.

ఫుట్‌నోట్_బాబాయ్
నవ్వు లేదంటావేంటి, లోకాల మధ్య తిరిగే యంత్రం బంగాళాదుంపతో నడుస్తుంది కదా. అంతకంటే ఇంకేం కావాలి నీకు.

సగంచదివిన
ఆ దుంప మొదట్లోనే అయిపోయింది బాబాయ్. తర్వాత ఏం తినాలి నేను.

లెక్కలమాస్టారు
ఇది డిస్క్‌వరల్డ్ అనుకుని చదివితే ఎవరికైనా అలాగే ఉంటుంది. దీని పుట్టుక తెలిస్తే కొంచెం వేరేగా కనిపిస్తుంది. ఈ ఐడియా ప్రాచెట్‌ది, బాక్స్‌టర్‌ది కాదు. 1986లోనే ది హై మెగ్గాస్ అని ఓ చిన్న కథ రాసి పెట్టుకున్నాడు, పక్కపక్కనే లెక్కలేనన్ని భూములు, మనుషులున్నది మాత్రం ఒక్కదాని మీదే అన్న ఊహ. అప్పటికి డిస్క్‌వరల్డ్ ఊపందుకుంటోంది, దీన్ని పక్కన పడేశాడు. పాతికేళ్ళ తర్వాత బాక్స్‌టర్‌తో మాట్లాడుతుంటే మళ్ళీ బయటికొచ్చింది. మొదటి భాగం 2012, తర్వాత ఏడాదికొకటి లెక్కన లాంగ్ వార్, లాంగ్ మార్స్, లాంగ్ యుటోపియా, చివరిది లాంగ్ కాస్మోస్ 2016లో, అంటే ప్రాచెట్ పోయాక.

బాక్స్‌టర్ ఎవరంటే గట్టి సైన్స్ ఫిక్షన్ మనిషి, లెక్కలూ ఇంజనీరింగూ చదివినవాడు, ఆర్థర్ సి క్లార్క్‌తో కూడా కలిసి పుస్తకాలు రాశాడు. కాబట్టి ఈ సిరీస్‌లో మజా జోకుల్లో లేదు, పర్యవసానాల్లో ఉంది. ఇనుము ఒక లోకం నుంచి ఇంకో లోకానికి దాటదు అని ఒక్క రూల్ పెట్టారు చూడు, దాంతో తుపాకీ దాటదు, గునపం దాటదు, అవతలికెళ్ళి కొత్తగా కొలిమి పెట్టుకోవాల్సిందే. అందరికీ కావాల్సినంత భూమి ఉచితంగా దొరికితే ఇక ఇక్కడి భూమి ధర ఏమవుతుంది, ప్రభుత్వం పన్ను ఎవరి దగ్గర వసూలు చేస్తుంది, జైలు గోడకి అర్థమేంటి. ఇవన్నీ నెమ్మదిగా నమిలి చదవాల్సినవి.

నల్లపిల్లి
మాస్టారూ పర్యవసానాలు బాగున్నాయి, ఒప్పుకుంటా, కానీ నవల అంటే పర్యవసానాల పట్టిక కాదు కదండీ. ఇందులో హీరో జాషువా ఎలా మాట్లాడతాడో ఇప్పుడు కళ్ళు మూసుకుని చెప్పమనండి, చెప్పలేను. అదే సిటీ వాచ్ నాయకుడు వైమ్స్ అయితే బూటు అడుగు అరిగిన చప్పుడు కూడా గుర్తుంది. నాకు ఆ మొత్తం సిరీస్‌లో ప్రాచెట్ చెయ్యి కనిపించింది లోబ్‌సాంగ్ దగ్గరే, పూర్వజన్మలో టిబెట్‌లో మోటార్‌సైకిళ్ళు బాగుచేసేవాణ్ణి అని చెప్పుకుని మనిషి హోదా సంపాదించుకున్న కంప్యూటర్. అది ఇంకొకళ్ళకి తట్టే ఐడియా కాదు.

సగంచదివిన
అవును లోబ్‌సాంగ్ వచ్చినప్పుడు మాత్రం లేచి కూర్చున్నా. ఆ తర్వాత ఓడెక్కారు, మళ్ళీ పడుకున్నా.

సిరాబుడ్డి
మరి గుడ్ ఒమెన్స్ ఎందుకు పండిందో చూద్దాం, అక్కడ పని జరిగిన పద్ధతే వేరు. నీల్ గైమన్ ఓ ఐదు వేల పదాలు రాసి, ముందుకెలా తీసుకెళ్ళాలో తెలీక స్నేహితులకి పంపాడు. వాళ్ళలో ప్రాచెట్ ఒకడు. ఈ ఇద్దరి పరిచయం 1985 నాటిది, అప్పుడు గైమన్ కుర్ర జర్నలిస్టు, ప్రాచెట్‌ని ఇంటర్వ్యూ చేయడానికి వచ్చాడు. చాలాకాలం తర్వాత ప్రాచెట్ ఫోన్ చేసి ఆ కథ నాకు అమ్ముతావా, లేదా కలిసి రాద్దామా అని అడిగాడు. అంతే, ఇక రోజూ ఫోన్లు, నువ్వేం రాశావ్ నేనేం రాశా అని చదివి వినిపించుకోవడం, పోస్టులో ఫ్లాపీ డిస్కులు పంపుకోవడం. ఎదుటివాణ్ణి ఫోన్లో నవ్వించాలని రాసిన పుస్తకం అది, అందుకే ప్రతి పేజీలో ఆ పోటీ కనిపిస్తుంది. 1990లో వచ్చింది.

ఎవరేం రాశారంటే, మొదట్లో ఆడమ్ అనే కుర్రాడు, వాడి పిల్లగ్యాంగ్ ఎక్కువగా ప్రాచెట్, ప్రళయం తెచ్చే నలుగురు గుర్రపురౌతులు ఎక్కువగా గైమన్. చివరికొచ్చేసరికి ఎవరి వాక్యం ఎవరిదో కలిసిపోయింది అని ప్రాచెట్టే చెప్పాడు. మంత్రగత్తె ఆగ్నెస్ నట్టర్ మాత్రం పూర్తిగా నాది అని క్లెయిమ్ చేసుకున్నాడు, పురుగులు నావి అని గైమన్ గర్వంగా చెప్పుకుంటాడు. అసలు ప్రతి మాత్రం ప్రాచెట్ దగ్గరే ఉండేది, అతుకులు వేసే పనీ ఎక్కువ ఆయనదే, ఎందుకంటే గైమన్ అప్పుడు శాండ్‌మన్ కామిక్ పనిలో మునిగి ఉన్నాడు.

ఫుట్‌నోట్_బాబాయ్
అంటే ఫైల్ ఎవరి దగ్గరుంటే పుస్తకం వాళ్ళది. ఆఫీసులో ఇదే మొత్తుకుంటున్నా, వినరు.

అవధానం_ఫ్యాన్
సిరాబుడ్డి గారు చెప్పింది చదువుతుంటే మన తిరుపతి వేంకట కవులు గుర్తొచ్చారు. ఎవరు ఏది రాసినా ఇద్దరి పేరుతోనే, 1920లో తిరుపతి శాస్త్రి గారు పోయాక కూడా చెళ్ళపిళ్ళ వారు జంట పేరుతోనే పుస్తకాలు వేశారు. ఈ పాదం ఎవరిది ఆ పాదం ఎవరిది అని లెక్కకట్టడం చదివేవాడి పని కాదని నా అభిప్రాయం. పద్యం పండిందా లేదా అంతే.

నల్లపిల్లి
పండలేదనే కదండీ ఇక్కడ గొడవ. పండనప్పుడే ఈ మడి ఎవరిది అని అడుగుతాం.

అవధానం_ఫ్యాన్
:) సరే, ఆ మాట దగ్గర ఆగిపోయా.

సిరాబుడ్డి
నాకు ఇంకో తేడా కనిపిస్తుంది. గుడ్ ఒమెన్స్ నాటికి ప్రాచెట్ పేరున్నవాడే గానీ ఇంకా ఎక్కుతున్నవాడు, కరెంటు బోర్డు ప్రెస్ ఆఫీసర్ ఉద్యోగం 1987లో మానేసి పూర్తిగా రాతలోకి దిగాడు, గైమన్ నవలల్లోకి కొత్త. ఇద్దరికీ నిరూపించుకునే ఆకలి. లాంగ్ ఎర్త్ నాటికి ఈయన సర్ టెర్రీ, ఎదురుగా ఉన్నది మర్యాదస్తుడైన బాక్స్‌టర్. ఇద్దరు పెద్దమనుషులు ఒకరినొకరు దాటకుండా జాగ్రత్తగా నడిచిన పుస్తకంలా ఉంటుంది.

అట్టముక్క
ఇంతసేపు అందరూ నవలలు రాసేవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. బొమ్మలేసేవాళ్ళం మనుషులం కామా?

డిస్క్‌వరల్డ్‌కి జాష్ కిర్బీ లేకపోతే సగం మంది ఆ పుస్తకం చేతిలోకి తీసుకునేవాళ్ళే కాదు. 1985లో కార్గి వాళ్ళ పేపర్‌బ్యాక్ మొదలుకుని 2001లో పోయేదాకా బ్రిటిష్ అట్టలన్నీ ఆయనవే. ఒకదాని మీద ఒకటి ఎక్కి దొర్లుతున్న మనుషులు, డ్రాగన్లు, చెక్కపెట్టె కాళ్ళు, ఊపిరాడదు చూస్తుంటే. మొదటి పుస్తకంలో టూఫ్లవర్ అనే యాత్రికుడు కళ్ళజోడు పెట్టుకుని వస్తాడు, జనం వాణ్ణి నాలుగు కళ్ళోడు అంటారు, కిర్బీ నిజంగానే నాలుగు కళ్ళు గీసి పారేశాడు. అది అట్ట మీద అలాగే ఉండిపోయింది! ఎరిక్ అనే డిస్క్‌వరల్డ్ నవల అయితే 1990లో పెద్ద సైజులో బొమ్మల పుస్తకంగానే వచ్చింది, ఇప్పుడు బొమ్మల్లేని చిన్న ప్రతి చదివి ఇదేంటి ఇంత పలచగా ఉంది అని తిడుతుంటారు జనం. సగం పుస్తకం పీకేస్తే పలచగా ఉండదా మరి.

తర్వాత పాల్ కిడ్బీ. ఈయన పద్ధతి వేరు, ప్రాచెట్ రాసింది రాసినట్టు గీస్తాడు. పుస్తకాల మీద సంతకాలు పెడుతుంటే వెళ్ళి తన బొమ్మలు చేతిలో పెట్టాడంట, అక్కడి నుంచి మొదలు. 2001లో ది లాస్ట్ హీరో, ఇది అచ్చంగా ఇద్దరి పుస్తకం, డావిన్చీ నోట్‌బుక్‌లా పేజీ పేజీకి గీతలు, కథ ఎంతో బొమ్మ అంత. ఆ మరుసటి ఏడు నైట్ వాచ్ అట్ట చూడండి, రెంబ్రాంట్ గీసిన నైట్ వాచ్‌కి పేరడీ, ఆ గుంపులో ఒక మొహం జాష్ కిర్బీది. అప్పటికి ఆయన పోయి ఏడాది. ఒక ఆర్టిస్టు ముందటి ఆర్టిస్టుకి పెట్టిన దండం అది. ఆ సంగతి తెలిశాక ఆ అట్ట ముందు ఎంతసేపు కూర్చున్నానో.

తాబేలు_వీపు
నైట్ వాచ్ ఎన్నిసార్లు చదివానో, ఆ మొహం సంగతి ఇప్పుడే వింటున్నా. వెళ్ళి తీసి చూస్తా.

నల్లపిల్లి
కిర్బీ బొమ్మలు నాకు పడవు. ఆడవాళ్ళందరికీ ఒకే ఒళ్ళు, మిగతా అందరూ ఉడికిన చిలగడదుంపలు. కిడ్బీ గీసిన మంత్రగత్తె గ్రానీ వెదర్‌వాక్స్ చూశాకే నాకు గ్రానీ అంటే భయం వచ్చింది.

అట్టముక్క
కొట్టుకుందాం రా.

ఫుట్‌నోట్_బాబాయ్
ఈ త్రెడ్‌లో దుంపల లెక్క రెండుకి చేరింది, గమనించగలరు.

తాబేలు_వీపు
అట్టముక్క దారి తెరిచాడు కాబట్టి నేనూ చెప్తా. నా దృష్టిలో ప్రాచెట్‌కి దొరికిన అసలైన జోడీ స్టీఫెన్ బ్రిగ్స్. అబింగ్డన్‌లో ఓ నాటక బృందం నడిపేవాడు, 1991లో విర్డ్ సిస్టర్స్‌ని నాటకంగా మార్చి వేశారు, ప్రాచెట్ నవల స్టేజీ ఎక్కడం అదే మొదలు. నాటకం వేసే మనిషికి ఎవడు ఏ గుమ్మంలోంచి వస్తాడు, వీధి ఎటు తిరుగుతుంది అనేది తెలియాలి కదా, ఆ పట్టుదలతోనే కాబోలు డిస్క్‌వరల్డ్‌లోని ఆంఖ్-మోర్పోర్క్ నగరానికి మ్యాప్ గీద్దాం అని పట్టుబట్టాడు. అప్పటిదాకా ప్రాచెట్‌కి మ్యాపుల మీద పెద్ద ఇష్టం లేదు. బ్రిగ్స్ పుస్తకాలన్నీ కూర్చుని దువ్వి, ఫలానా వాడు ఫలానా వంతెన దాటి ఎడమవైపు పరిగెత్తాడు అన్న ఆధారాలన్నీ ఏరి ఒకచోట పెడితే నగరం కుదిరింది! 1993లో స్టీఫెన్ ప్లేయర్ రంగులేసిన మ్యాప్ వచ్చింది. 1995లో మొత్తం డిస్క్‌వరల్డ్ లోకానికి ఇంకోటి.

ఇక్కడ అసలు సంగతి ఏంటంటే, ఆ తర్వాత వచ్చిన వాచ్ పుస్తకాల్లో వైమ్స్ కాళ్ళతో వీధి గుర్తుపడుతుంటే మనకి కూడా దారి తెలిసినట్టు ఉంటుంది. మ్యాప్ తిరిగి నవల్లోకి వెళ్ళిందని నా నమ్మకం. ఎవరో వాక్యం పంచుకోవడం కంటే ఇది పెద్ద సాయం. డిస్క్‌వరల్డ్ కంపానియన్ కూడా ఈ ఇద్దరిదే, 1994. ఆ తర్వాత బ్రిగ్స్ ఆడియోపుస్తకాలు కూడా చదివాడు, మనిషిని ఏం అడిగినా చేసేలా ఉన్నాడు.

సిరాబుడ్డి
ఇలాగే కథలోంచి బయటికొచ్చిన వాటిలో స్టాంపులు కూడా చేర్చు. గోయింగ్ పోస్టల్‌లో తపాలా స్టాంపు కనిపెట్టడం ఉంటుంది కదా, దానికి సోమర్‌సెట్‌లో విన్‌కాంటన్ అనే ఊళ్ళో బెర్నార్డ్ పియర్సన్ నిజంగానే ఆంఖ్-మోర్పోర్క్ స్టాంపులు అచ్చువేశాడు, ఇప్పటికీ జనం సేకరిస్తారు. ఆ ఊరు 2002లో ఆంఖ్-మోర్పోర్క్‌తో జంట నగరంగా ఒప్పందం చేసుకుంది, లేని ఊరితో! అక్కడ కొత్త వీధులకి పీచ్ పై స్ట్రీట్, ట్రీకల్ మైన్ రోడ్ అని పేర్లు కూడా పెట్టారు.

సగంచదివిన
నేను ఒక పుస్తకం బాలేదు అని వచ్చా, మీరు నన్ను ఊరు మార్చేలా ఉన్నారు.

లెక్కలమాస్టారు
ఆగండాగండి, సైన్స్ ఆఫ్ డిస్క్‌వరల్డ్ ఎవరూ ఎత్తలేదు. నాలుగు భాగాలు, 1999, 2002, 2005, 2013. ఇయాన్ స్టీవర్ట్ గణితం, జాక్ కోహెన్ జీవశాస్త్రం, ఇద్దరూ వార్విక్ యూనివర్సిటీకి చెందినవాళ్ళు. ఒక అధ్యాయం కథ, ఒక అధ్యాయం సైన్స్. కథ ఏంటంటే డిస్క్‌వరల్డ్‌లోని అన్‌సీన్ యూనివర్సిటీ మాంత్రికులు చేసిన ఓ ప్రయోగంలో అదనంగా పుట్టిన మంత్రశక్తిని ఖర్చుపెట్టడానికి, మంత్రమే లేని ఒక విశ్వం తయారవుతుంది, అందులో ఓ గుండ్రటి బంతి, అది మన భూమి. గుండ్రంగా ఉంటే కింద ఉన్నవాళ్ళు పడిపోరా అని మాంత్రికుల బాధ. వాళ్ళు బయటి నుంచి చూస్తుంటారు, డైనోసార్లు వస్తాయి, పోతాయి, వీళ్ళు ప్రతిసారీ ఇది నిలబడేలా లేదే అని తల గోక్కుంటారు.

ఈ పద్ధతిలో గొప్ప ఏంటంటే ఎవరి పని వాళ్ళదే. ప్రాచెట్ సైన్స్ చెప్పడానికి ప్రయత్నించడు, వాళ్ళు జోకులేయడానికి ప్రయత్నించరు (అప్పుడప్పుడు వేస్తారు, క్షమించేయొచ్చు). పిల్లలకి స్కూల్లో అణువు అంటే చిన్న సూర్యమండలం అని చెప్తాం కదా, నిజం కాదు కానీ తర్వాత నిజం అర్థం కావడానికి దారి వేసే అబద్ధం, అలాంటి వాటి మీద మొదటి భాగంలో ఉన్న చర్చ చదివాక నేను క్లాసులో పాఠం చెప్పే తీరే మారింది. మూడో భాగంలో డార్విన్ రాయాల్సిన పుస్తకం బదులు వేరేది రాసేస్తాడు, చరిత్ర ఆగిపోతుంది, మాంత్రికులు దిగి సరిచేయాలి.

ఇంకోటి, ప్రాచెట్‌కి వార్విక్ వాళ్ళు గౌరవ డాక్టరేట్ ఇచ్చిన అదే వేడుకలో, 1999లో, ఆయన వెంటనే తిరిగి స్టీవర్ట్‌నీ కోహెన్‌నీ అన్‌సీన్ యూనివర్సిటీ గౌరవ మాంత్రికులుగా ప్రకటించాడు. అప్పు అక్కడికక్కడే తీర్చేశాడు.

మిడ్‌నైట్_రీడర్
నేను ఆ పుస్తకంలో కథ అధ్యాయాలు మాత్రమే చదివి సైన్స్ వదిలేశా. గంటన్నరలో అయిపోయింది.

లెక్కలమాస్టారు
మీతో మాట్లాడను.

తాబేలు_వీపు
నేను రివర్స్. సైన్స్ చదివి కథ వదిలేశా. అయినా బాగుంది.

లెక్కలమాస్టారు
మీతో కూడా.

కొత్త_పేజీ
గుడ్ ఒమెన్స్ టీవీ సిరీస్ చూసి పుస్తకంలోకి వద్దామనుకుంటున్నా, ఓకేనా? సీజన్ 2 పుస్తకంలో ఎక్కడుంది? ఇంకో మాట, గైమన్ గురించి వచ్చిన వార్తల తర్వాత ఆ పుస్తకం కొనాలా వద్దా అని కూడా ఉంది.

మోడరేటర్
ఆఖరి విషయం మీద, అంటే 2024 నుంచి వచ్చిన ఆరోపణలు, ఆయన ఖండించడం, పాఠకులు ఏం చేయాలి అన్నదాని మీద విడిగా త్రెడ్ నడుస్తోంది, అక్కడ రాయండి. ఇక్కడ పుస్తకాలు, పని పంచుకున్న తీరు వరకే.

సిరాబుడ్డి
@కొత్త_పేజీ సీజన్ 2 పుస్తకంలో లేదు. 2019లో వచ్చిన మొదటి సీజన్ మాత్రమే నవల, దాని స్క్రిప్టు మొత్తం గైమన్ రాశాడు, ప్రాచెట్ పోయే ముందు ఇది తీయమని అడిగాడని చెప్తారు. 2023 నాటి రెండోది కొత్త కథ, అందులో జాన్ ఫిన్నెమోర్ కూడా రచయిత. మైకేల్ షీన్, డేవిడ్ టెన్నంట్ కోసం చూడొచ్చు. కానీ మొదటిదాని పక్కన పెడితే, ఎవడో ఒకడు బల్ల మీద కొట్టి ఈ ప్రేమ సీను చాల్లే ఇక్కడో బల్లి మీద జోకు పడాలి అనేవాడు లేడని తెలిసిపోతుంది. అది నా లెక్క, కొట్టకండి.

మిడ్‌నైట్_రీడర్
బీబీసీ అమెరికా తీసిన ది వాచ్ టీవీ సిరీస్ గురించి కూడా ఎవరైనా చెప్తారా

నల్లపిల్లి
చెప్పం.

తాబేలు_వీపు
చెప్పం. ప్రాచెట్ కూతురు రియానానే అది మా నాన్న వాచ్ కాదనేసింది, ఇక మనమెంత.

వినికిడి
నాకు కంటి సమస్య, చదవడం కంటే వినడమే ఎక్కువ. అందుకని నాకు కొలాబరేషన్ అంటే చదివే గొంతు. ఇదివరకు నైజెల్ ప్లానర్, టోనీ రాబిన్సన్, ఆ తర్వాత బ్రిగ్స్ చదివినవి విన్నా. 2022 నుంచి పెంగ్విన్ వాళ్ళు డిస్క్‌వరల్డ్ అంతా కొత్తగా రికార్డు చేశారు, మంత్రగత్తెల పుస్తకాలు ఇందిరా వర్మ, స్మాల్ గాడ్స్ ఆండీ సెర్కిస్. ఏ పుస్తకమైనా డెత్ గొంతు మాత్రం పీటర్ సెరాఫినోవిచ్, ఫుట్‌నోట్లు బిల్ నై. ఫుట్‌నోట్‌కి వేరే మనిషి పెట్టడం ఎంత తెలివో వింటేగానీ తెలీదు. కథ నడుస్తుంటే పక్కన ఇంకో పెద్దాయన భుజం తట్టి, ఓ మాట చెప్పనా అన్నట్టు ఉంటుంది, చెప్పి వెళ్ళిపోతాడు. పాత రికార్డింగుల్లో ఏది కథో ఏది ఫుట్‌నోటో తెలీక తికమక పడేవాణ్ణి.

లాంగ్ ఎర్త్ కూడా విన్నా. నడుస్తూ వింటే బాగుంటుంది సగంచదివిన గారూ, నడిచేవాళ్ళ కథే కదా. కూర్చుని చదివితే విసుగు నిజమే.

ఫుట్‌నోట్_బాబాయ్
బిల్ నై గురించి చెప్పినందుకు థాంక్స్. నా హ్యాండిల్‌కి ఇప్పుడు ఓ గొంతు వచ్చింది.

రాత్రి_బడి
ఎవరూ రాబ్ విల్కిన్స్ పేరు ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. నా ప్రకారం కలిసి పనిచేయడం అంటే ఆయనే. 2000లో ప్రాచెట్‌కి పీఏగా చేరాడు. 2007 డిసెంబరులో ప్రాచెట్ తనకి అల్జైమర్స్ అని బయటపెట్టాడు, అందులోనూ మెదడు వెనక భాగానికి వచ్చే అరుదైన రకం, పోస్టీరియర్ కార్టికల్ అట్రఫీ అంటారు. జ్ఞాపకం కంటే ముందు చూపుని అర్థం చేసుకోవడం పోతుంది. కళ్ళు బాగానే ఉంటాయి, ఎదురుగా ఉన్న కీబోర్డులో అక్షరం కనిపించదు. మా ఇంట్లో ఒకరికి ఇదే వచ్చింది, ఎదురుగా ఉన్న గ్లాసు కోసం చెయ్యి గాల్లో వెతికేది, మాటలు మాత్రం చక్కగా. అందుకే ప్రాచెట్ టైప్ చేయలేకపోయినా కథ చెప్పగలిగాడు. రాబ్‌కి డిక్టేట్ చేసేవాడు, మాట వింటూ టైప్ చేసే సాఫ్ట్‌వేర్‌కి చెప్పేవాడు. స్నఫ్, డాడ్జర్, రైజింగ్ స్టీమ్, ది షెపర్డ్స్ క్రౌన్ ఆ కాలంలో వచ్చినవే. లాంగ్ ఎర్త్ సిరీస్ కూడా ఆ కాలంలోదే అని గుర్తుపెట్టుకుంటే, 'పేరు ఇచ్చింది ఎంత' అన్న ప్రశ్న నాకు కొంచెం గుచ్చుకుంది. అడగొద్దని కాదు. ఐడియాలు ఉండి చేతులు లేని మనిషికి పక్కన ఇంకో రచయిత ఉండటం పేరు అమ్ముకోవడం కాదు.

షెపర్డ్స్ క్రౌన్ చివర్లో రాబ్ రాసిన మాట కూడా చదవండి, టెర్రీ ఇంకా కొన్నాళ్ళు ఉంటే ఇందులో ఇంకా రాసేవాడు అని దాపరికం లేకుండా చెప్పాడు. రాబ్ రాసిన జీవితచరిత్ర 2022లో వచ్చింది, ఏ లైఫ్ విత్ ఫుట్‌నోట్స్.

నల్లపిల్లి
మీరు చెప్పింది అర్థమైంది, ఇంట్లో సంగతి విని బాధేసింది. అయినా ఒక మాట. చివరి పుస్తకాల్లో మాట పొడుగైంది, అందరూ ఉపన్యాసాలిస్తారు, రైజింగ్ స్టీమ్‌లో ఆంఖ్-మోర్పోర్క్ పాలకుడు వెటినారి కూడా వాగుతాడు. చేత్తో రాసి కొట్టేసి మళ్ళీ రాసే మనిషికీ నోటితో చెప్పే మనిషికీ తేడా ఉంటుంది కాబోలు. అభిమానం వేరు, పేజీ వేరు.

రాత్రి_బడి
రైజింగ్ స్టీమ్ విషయంలో ఒప్పుకుంటా. షెపర్డ్స్ క్రౌన్ మొదటి అధ్యాయాల్లో గ్రానీ ఇల్లు సర్దుకునే భాగం మాత్రం ఎవరూ ముట్టుకోకండి.

తాబేలు_వీపు
ముట్టుకోం.

అట్టముక్క
అసంపూర్తిగా ఉన్నవి ఎవరూ పూర్తి చేయకూడదనేగా ప్రాచెట్ హార్డ్‌డ్రైవ్ నలగ్గొట్టించింది కూడా. 2017 ఆగస్టులో, గ్రేట్ డోర్సెట్ స్టీమ్ ఫెయిర్‌లో, లార్డ్ జెరికో అనే ఆవిరి రోడ్‌రోలర్ కింద పెట్టించాడు రాబ్. టెర్రీ కోరిక. అంటే బతికి ఉండగా ఎవరితోనైనా కలుస్తా, పోయాక ఎవరూ నాతో కలవొద్దు అని. కూతురు రియానా కూడా కొత్త డిస్క్‌వరల్డ్ నవల రాయను అని చెప్పి ఆ మాట మీదే ఉంది. 2023లో గాబ్రియెల్ కెంట్‌తో కలిసి రాసింది డిస్క్‌వరల్డ్ కుర్ర మంత్రగత్తె టిఫనీ ఏకింగ్ పేరు మీద మంత్రగత్తెల గైడు, నవల కాదు. బొమ్మలు మళ్ళీ కిడ్బీ :)

అవధానం_ఫ్యాన్
చెళ్ళపిళ్ళ వారి దారికి సరిగ్గా ఎదురుదారి అన్నమాట.

మిడ్‌నైట్_రీడర్
రోడ్‌రోలర్ ముందు ఎవడైనా బ్యాకప్ తీసి ఉంటే బాగుండని నాకొక్కడికే అనిపిస్తోందా

నల్లపిల్లి
కాదు, అందరికీ అనిపిస్తోంది, పైకి చెప్పింది నువ్వొక్కడివే.

ఫుట్‌నోట్_బాబాయ్
ఇంతకీ ఆయన మొట్టమొదటి సహరచయిత ఎవరో ఎవరూ చెప్పలేదు. టెర్రీ ప్రాచెట్. ది కార్పెట్ పీపుల్ 1971లో అచ్చయింది, రాసింది పదిహేడేళ్ళ కుర్రాడు. తర్వాత పేరొచ్చాక మళ్ళీ వేస్తామంటే నలభై మూడేళ్ళాయన కూర్చుని చదివి, ఈ కుర్రాడికి యుద్ధాలంటే మోజెక్కువ అని తిరగరాశాడు. 1992లో వచ్చిన ఆ ప్రతి ముందుమాటలో, దీనికి ఇద్దరు రచయితలు, ఇద్దరూ ఒకడే అన్నట్టు రాసుకున్నాడు. అందులో కూడా ఎవరి వాక్యం ఎవరిదో అడగండి మరి.

సిరాబుడ్డి
బాబాయ్ ఇన్ని జోకులేసి ఇది దాచుకున్నావా.

వినికిడి
పాటలు కూడా. స్టీలై స్పాన్ అని ఇంగ్లీషు జానపద బ్యాండ్, ప్రాచెట్‌కి చాలా ఇష్టం, 2013లో వింటర్‌స్మిత్ నవల మీద మొత్తం ఆల్బమ్ చేశారు. నవల చదివాక వినండి, ముందు వింటే సగమే ఎక్కుతుంది.

సర్వర్_రూమ్
గోయింగ్ పోస్టల్‌లో క్లాక్స్ (సంకేతాలతో వార్తలు పంపే) టవర్ల మీద చనిపోయిన ఆపరేటర్ పేరు అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది కదా, జీఎన్‌యూ అనే కోడ్‌తో, ముందుకు పంపు, లాగ్‌లో రాయకు, చివర్లో వెనక్కి తిప్పు అని. ఆయన పోయాక 2015లో జనం అదే పనిని నిజం వెబ్‌సైట్లతో మొదలుపెట్టారు, సర్వర్ పంపే హెడర్‌లో ఎక్స్ క్లాక్స్ ఓవర్‌హెడ్ అని పెట్టి ఆయన పేరు. పేజీలో కనబడదు. మన ఫోరమ్‌లో ఉందా లేదా చూశా, లేదు. మోడరేటర్ గారూ ఒక్క లైను పని.

మోడరేటర్
అడ్మిన్‌కి చెప్పా. ముందు సెర్చ్ బాగుచేస్తాడంట.

సర్వర్_రూమ్
అది గత జన్మ నుంచి చేస్తున్నాడు.

సగంచదివిన
మొత్తం చదివా. నాకు అర్థమైంది ఏంటంటే ప్రాచెట్‌కి పక్కన ఇంకో నవలాకారుడు కూర్చున్నప్పుడు లాటరీ, ఒకసారి గుడ్ ఒమెన్స్ తగిలింది, ఇంకోసారి అడవి తగిలింది. అదే ఆయన చేయలేని పని చేసేవాడు, అంటే గీసేవాడో లెక్కలు తెలిసినవాడో కూర్చుంటే ఎప్పుడూ గెలుపే. రాత్రి_బడి గారూ మీరు చెప్పింది విన్నాక లాంగ్ ఎర్త్ మొదటి భాగం పూర్తి చేస్తా, వినికిడి గారు చెప్పినట్టు నడుస్తూ వింటా. మిగతా నాలుగు అప్పుడు చూద్దాం. ముందు లాస్ట్ హీరో తెప్పించుకుంటున్నా.

అట్టముక్క
పెద్ద సైజు ప్రతి తీసుకో. చిన్నది కొన్నావంటే నా మీద ఒట్టు.

లెక్కలమాస్టారు
లాటరీ అన్న మాట నేను ఒప్పుకోను. లాంగ్ మార్స్‌లో అంగారకుడి వైపు కూడా పక్క లోకాలున్నాయన్న ఐడియా చదివి వచ్చి మాట్లాడు.

నల్లపిల్లి
మాస్టారూ స్పాయిలర్!

లెక్కలమాస్టారు
పుస్తకం పేరే లాంగ్ మార్స్ అమ్మా.